ముట్టని చేతికి కూలి

"గ్యారంటీ పోయిందని చెప్పాను కదరా. పోయినదాన్ని నేనెక్కణ్ణుంచి తెచ్చి ఇచ్చేది?" అన్నాడు శివరామకృష్ణయ్య మూడోసారి.

ఉలిగప్ప, అతని భార్య మారెవ్వ దుకాణం మెట్ల కింద ఎండలో నిలబడి ఉన్నారు. తెల్లవారి బస్సుకు కల్మలలో ఎక్కి సిరవార వచ్చారు. ఇప్పుడు పదకొండు దాటింది. మెట్ల పైన రేకుల పంచ ఉంది. పంచలో రెండు బెంచీలు, కుండలో చల్లని నీళ్లు. అవన్నీ రైతుల కోసమే పెట్టించానని శివరామకృష్ణయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. దుకాణం నొసట తెలుగులోనూ కన్నడంలోనూ 'రైతే దేవుడు' అని కూడా రాయించాడు. ఆ దేవుళ్లలో ఇద్దరు మూడు గంటలుగా ఎండలో నిలబడి ఉంటే అతనికి ఏమీ అనిపించలేదు. వాళ్లు మాదిగ దేవుళ్లు. ఎవరూ చెప్పనక్కర లేకుండానే మెట్ల కింద ఆగిపోయారు.

ఇంజన్ల దుకాణం పెట్టకముందు శివరామకృష్ణయ్య కూడా వ్యవసాయం చేసినవాడే. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఆంధ్ర రైతులు దిగిన క్యాంపులో ముప్పై ఎకరాలు కొని వరి పెట్టాడు. నాలుగు పంటలు తీశాక, వడ్లు పండించడం కంటే వడ్లు పండించేవాళ్లకు యంత్రాలు అమ్మడం సుఖమని కనిపెట్టాడు. యంత్రాలు అమ్మడం కంటే చెడిపోయినవాటిని బాగుచేయడం ఇంకా సుఖమని, చెడిపోయింది చూసి బాగుచేయకుండా ఉండడం అన్నిటికంటే సుఖమని తర్వాత తెలుసుకున్నాడు.

ఉలిగప్పకు కల్మల నుంచి రెండు మైళ్లు లోపలికి పోతే వచ్చే తన ఊళ్లో ప్రభుత్వం ఇచ్చిన మూడెకరాలు ఉన్నాయి. కాలువ ఆ ఊరిదాకా వచ్చింది గాని ఆ మెరక మీదికి ఎక్కలేదు. ఎవరెవరి వరిమళ్లలోంచో ఊరిన నీళ్లు పొలం పక్క వాగులో పారుతుంటాయి. వాటిని ఎత్తిపోసుకోవాలంటే ఇంజను కావాలి. రాయచూరులో అప్పులిచ్చే ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగితే, మూడు వేల రెండు వందల ఇంజను ఈ దుకాణం నుంచి ఇప్పించారు. దానితో పాటు శివరామకృష్ణయ్య పసుపుపచ్చ కార్డు ఒకటి ఇచ్చాడు. ఏడాదిలోపు ఏది చెడినా పైసా తీసుకోకుండా బాగుచేస్తామని, మెకానిక్కే ఇంజను దగ్గరికి వస్తాడని దాని మీద ఉంది.

అయిదు నెలలు ఇంజను బాగానే తిరిగింది. ఆరో నెలలో, సరిగ్గా వేరుశనగ ఊడలు దిగే వేళకు ఆగిపోయింది. ఆగి పది రోజులైంది. ఇంకో నాలుగు రోజుల్లో తడి ఇవ్వకపోతే ఊడలు గట్టిపడిన మట్టిలోకి దిగవు, కాయ పట్టదు. కాయ పట్టకపోతే అప్పు కంతు కట్టలేరు. కంతు తప్పితే ఇంజనూ పోతుంది, పొలమూ పోతుంది. మూడేళ్ల కిందట ఊరి పటేలు దగ్గర ఎలాగో విడిపించుకున్న జీతగాడి బతుకు మళ్లీ ఉలిగప్ప మెడకు చుట్టుకుంటుంది.

కార్డు మీద రాసినట్టే మెకానిక్కు వచ్చాడు, కాదనడానికి వీల్లేదు. అతని పేరు పంపన్న. సిరవార వాడే. తెల్ల చొక్కా నలగకుండా పనిచేయగల మెకానిక్కు. ఇంజనేమో వాగొడ్డున ఉంది. వాగొడ్డుకు దారి కేరిలోంచి, అంటే మాదిగల ఇళ్ల మధ్యలోంచి పోతుంది. పంపన్న కేరి మొదట్లో పెంటకుప్పల దగ్గర సైకిలు ఆపాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి అక్కణ్ణుంచే రోగం అడిగాడు.

"పొగ ఎట్ల వస్తున్నది? నల్లగనా, తెల్లగనా?"

"పొగనే వస్తలేదు సామీ. ఒకపారి వచ్చి చూడుండ్రి," అన్నది మారెవ్వ.

"చూస్తెనే తెలుస్తదా ఏంది? డీజిలు పంపు ఖరాబైంది. విప్పి ఈడికి తీస్కరాండ్రి."

సంచిలోంచి పానా ఒకటి తీసి నేల మీద పెట్టి, సైకిలుతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. పంపుకు సన్నని తీగ, ఆ తీగకు సీలు వేసిన సీసపు బిళ్ల ఉంటాయి. దాన్ని కంపెనీ మనుషులు తప్ప ఇంకెవరూ తెంచకూడదని ఇంజను ఇచ్చిన రోజే చెప్పారు. ఉలిగప్ప ఆ మాట మరచిపోలేదు. వాగొడ్డు నుంచి పరుగెత్తుకొచ్చి అడిగాడు.

"తీగ ఉన్నది సామీ. ఏం చేయాలె?"

"తెంపు. నేనే చెప్తున్న గద," అన్నాడు పంపన్న.

మారెవ్వ గడ్డి కోసే కొడవలితో తీగ తెంపింది. మొగుడూ పెళ్లాలు గంటసేపు తంటాలు పడి పంపు విప్పి తెస్తే, పంపన్న దాన్ని సైకిలుకు కూడా కట్టుకోలేదు. దుకాణానికి మీరే తెచ్చి పడేయండి అన్నాడు. తెచ్చి పడేశారు. దుకాణం వెనక కిరోసిన్ డబ్బాలో ఒక పగలంతా నానిన తర్వాత గాని దాని మీద పంపన్న చెయ్యి పడలేదు. కిరోసిన్‌తో మైల పోతుందని ఏ శాస్త్రంలో ఉందో అతనికే తెలియాలి.

ఆరు రోజుల తర్వాత ఇవాళ తీర్పు చెప్పారు. తీగ తెగింది కాబట్టి గ్యారంటీ లేదు. ఇంజను పరీక్ష చేసినందుకు ముప్పై అయిదు రూపాయలు కట్టాలి. కట్టేదాకా పంపు బల్ల మీద నుంచి కదలదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి వరం ఎగ్గొట్టి పైగా దక్షిణ కూడా అడుగుతున్నాడు.

"మా అంతట మేము తెంపినమా దొరా? పంపన్నసామి తెంపమంటెనే తెంపినం," అన్నాడు ఉలిగప్ప.

శివరామకృష్ణయ్య దుకాణంలోకి తిరిగి, "ఏం పంపన్నా, తెంపమన్నావా?" అని అడిగాడు. ఆ అడగడంలోనే చెప్పవలసిన జవాబు కూడా ఉంది.

"నేనెందుకంట? రూలు నాకు తెల్వదా?" అన్నాడు పంపన్న, చేతిలోని బోల్టు మీంచి తల ఎత్తకుండా.

"విన్నావుగా. పదేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్నవాడి మాట నమ్మాలా, నీ మాట నమ్మాలా? అయినా ఒరే ఉలిగప్పా, నేనేం కసాయివాణ్ణి కాదు. నీ చేను ఎండుతోందని నాకూ తెలుసు. కొత్త పంపు ఇప్పుడే ఇస్తాను, పట్టుకుపో. రెండొందల పది దాని ఖరీదు. పంటలో పట్టుకుంటాను. కాయంతా నాకే తూచాలి, ధర నేను చెప్పిందే. ముందు పరీక్ష డబ్బులు కట్టేసి, సీలు మా అంతట మేమే తెంచామని ఈ కాయితం మీద వేలిముద్ర వెయ్యి. రేపీపాటికి నీ చేలో నీళ్లు పారతాయి."

కాయితం ముందే రాసి ఉంది. సిరా డబ్బా మూత తీసి ఉంది. దయగలవాడు ఏర్పాట్లన్నీ చేసుకునే దయ చూపిస్తాడు.

రేపీపాటికి నీళ్లు అన్న మాట ఉలిగప్ప చెవుల్లో పడింది. మిగతావి పడ్డాయో లేదో తెలియదు. చెయ్యి మొలలోని ముడి మీదికి పోయింది. అందులో నలభై రూపాయలున్నాయి. మారెవ్వ వెండి కడియాలు కుదువబెట్టి తెచ్చినవి. ముప్పై అయిదంటే మారెవ్వ పదిహేడు రోజులు బురదలో నడుం వంచి నాట్లు వేసిన కూలి. పంపన్నకు అది పెంటకుప్పల పక్కన కాసేపు నిలబడినందుకు.

"ఆగు," అన్నది మారెవ్వ.

మొగుడి ముందుకు వచ్చి మెట్టును ఆనుకుని నిలబడింది.

"పరీచ్చ చేసినందుకు పైసలంటున్నవు గద దొరా. చూసిన మనిషి ఏం చూసిండో చెప్పాలె గద. పంపన్నసామీ, మా ఇంజను దేని మీద కూసున్నది?"

పంపన్న యజమాని వైపు చూశాడు. యజమాని నుంచి సాయం రాలేదు.

"దేని మీదేంది? సిమెంటు దిమ్మ మీద. అన్ని ఇంజన్లు దాని మీదనే ఉంటయి."

"మాకు సిమెంటు ఏడిది సామీ? తింటానికి జొన్నలే లేవు. విరిగిన బండి కట్టెల మీద కూసుండబెట్టినం. నువ్వు చూసి ఉంటే నీకు తెలుస్తుండె."

పంచలో బెంచీ మీద యలమందయ్య అనే క్యాంపు రైతు ఒకడు తన ఇంజను సామాను కోసం కూర్చుని ఉన్నాడు. అతను పకపక నవ్వాడు. "దొరికావు పో పంపన్నా!" అన్నాడు. పంపన్న ముఖం నల్లబడింది. ఉలిగప్పకు కూడా ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. నిజం బయటపడింది కదా, ఇక న్యాయం జరుగుతుందని అనుకున్నాడు. అంత వయసు వచ్చీ అలా అనుకోగలిగాడు.

శివరామకృష్ణయ్య మాత్రం చెక్కుచెదరలేదు. పైగా అతని కళ్లు మెరిశాయి.

"ఏమన్నావు? దిమ్మ లేదా? బండి కట్టెల మీద పెట్టారా ఇంజన్ని?" బల్ల మీద చరిచాడు. "చూశారా యలమందయ్యగారూ, మీరే సాక్ష్యం. దిమ్మ కట్టకపోతే గ్యారంటీ లేదని కార్డు వెనక అచ్చేసి ఉంది. సీలు సంగతి వదిలెయ్యండి, ఆ లెక్కన మొదటి రోజు నుంచీ వీళ్లకు గ్యారంటీ లేదు! ఇన్నాళ్లూ నేనే మోసపోయాను!"

"ఇంజను దించి పోయినోళ్లు మీ మనుషులే దొరా. కట్టెల మీద పెట్టింది వాళ్లే."

"దించడం వరకే మా పూచీ."

"మరి పంపన్న చూడలేదని తేలింది గద. దానికి కూలి ఎందుకు?"

"చూశాడా లేదా అని కాదే, వచ్చాడా లేదా? సైకిలు తొక్కుకుంటూ రావడానికి టైము పట్టదూ? ముప్పై అయిదు కట్టి వేలిముద్ర వేస్తారా, లేక చేను ఎండబెట్టుకుంటారా? నాకు బోలెడు పనులున్నాయి."

యలమందయ్య నవ్వు ఆపేసి కుండ వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని సామాను కూడా శివరామకృష్ణయ్య దగ్గరే రావాలి.

ఉలిగప్ప ముడి విప్పాడు. "పోనీ తియ్యే. పల్లి చేను ఎండుతది. మనతోని అయ్యేది కాదు," అన్నాడు. మారెవ్వ అతని ముఖం చూసింది. ఆ ముఖం మూడేళ్ల కింద పటేలు వాకిట్లో, పేడ చేతులతో, ఇలాగే ఉండేది. అది చూడలేక ఆమెకు కోపం వచ్చింది. మొగుడి మీద కాదు, దుకాణదారు మీద, ఇన్నాళ్లూ ఈ మెట్టు ముందు తమంతట తామే ఆగిపోయినందుకు తన మీద కూడా.

మెట్టు ఎక్కింది. రెండోది, మూడోది. పంచ దాటి దుకాణంలోకి అడుగుపెట్టింది.

"ఏయ్, ఏయ్! ఎక్కడికే?" అన్నాడు శివరామకృష్ణయ్య. అతను బల్ల వెనక నుంచి లేచేలోపల మారెవ్వ పంపు చేతిలోకి తీసుకుంది. "మా పంపు. మేమే విప్పినం, మేమే మోసుకొచ్చినం," అని వెనక్కి తిరిగింది.

"పంపన్నా! ఆపు దాన్ని! డబ్బులు కట్టందే పోనివ్వకు!"

పంపన్న ఒక్క దూకులో గుమ్మానికి అడ్డం వచ్చి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. మనిషి బలమైనవాడే. మారెవ్వ అతణ్ణి తిట్టలేదు, తప్పుకోమని బతిమాలలేదు. పంపు రొమ్ముకు ఆనించుకుని మామూలు నడకతో నేరుగా అతని మీదికే నడిచింది. ఇంకా జానెడు దూరం ఉందనగా పంపన్న చేతులు వాటంతటవే ముడుచుకుపోయాయి. తెల్ల చొక్కా పొట్టకు అదుముకుని తలుపు రెక్కకు అతుక్కుపోయాడు.

"పట్టుకోవయ్యా! చూస్తావేం?" అని అరిచాడు యజమాని.

"మీరు పట్టుకోండ్రి సేట్," అన్నాడు పంపన్న.

శివరామకృష్ణయ్య నాలుగడుగులు వేశాడు. అయిదోది పడలేదు. పంచలో ఇందాక నవ్విన యలమందయ్య కూడా పాదాలు బెంచీ మీదికి లాక్కుని దారి ఇచ్చాడు. మారెవ్వ మెట్లు దిగి, పంపు తాము తెచ్చుకున్న బుట్టలో పెట్టి, బుట్ట నెత్తి మీదికి ఎత్తుకుంది.

"పోలీసుల్ని పిలుస్తాను! రాయచూరు ఆఫీసులో చెప్పి అప్పు రద్దు చేయిస్తాను!" దుకాణంలోంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. గుమ్మం దాటి మాత్రం ఎవరూ రాలేదు.

బస్సులు ఆగే చోటు దాకా ఉలిగప్ప ఆమె వెనకాలే నడిచాడు. నలభై రూపాయలు పిడికిట్లో నలిగిపోయాయి.

"ఏం పని చేస్తివే?" అన్నాడు చివరికి. "పని చేయని పంపు తెస్తివి. చేను ఎట్ల?"

మారెవ్వకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"కడవలతోని పోస్త. తడిసినకాడికి తడుస్తది, ఎండినకాడికి ఎండుతది," అన్నది. "ముందు రాయచూరు బస్సు ఎక్కు. అప్పు ఇచ్చినాయన బల్ల మీద ఈ పంపు పెట్టి అడుగుత, ముట్టనోనికి కూలి ఇయ్యమని ఏ కాయితంల రాసిండ్రని."

"ఆయన సుత లోపలికి రానియ్యకుంటే?"

బస్సు వచ్చి దుమ్ము రేపుకుంటూ ఆగింది.

"నన్ను ఆపాలంటే ముట్టాలె గద," అన్నది మారెవ్వ, బుట్టతో సహా ముందు తలుపు వైపు నడుస్తూ.