గోడకు మిగిలిన సందు

కంకర గుంత గట్టు మీద టిప్పర్ చక్రాలను పైపు పెట్టి కడుగుతున్నారు. ఆ నీళ్ళ కోసం బిందె పట్టుకొచ్చిన గంగక్కను వాచ్‌మన్ గేటు దగ్గరే నెట్టేశాడు. ముసలి ప్రాణం, బిందెతో సహా కిందపడింది.

"కంపెనీ నీళ్ళు. నీ అబ్బ సొమ్మనుకున్యావా?" అన్నాడు వాచ్‌మన్.

ఓబులమ్మ అంతా చూసింది. మోచేతుల దాకా బురదలో చేతులు పెట్టి కలుపుతూనే ఉంది. నోరు మెదిపితే కూలి పోతుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏటికీ కాలనీకీ మధ్యలో ఉంది ఆ గుంత. కంకరంతా తోడుకుపోయాక, దాని చుట్టూ గోడ కట్టి నీళ్ళు నిలబెడతామని తాడిపత్రి దారిలోని ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు. కాలనీ టెంకాయలు కొట్టింది! ఈ కరువు నేల మీద నీళ్ళు నిలబెడతానన్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? ఎవరి కోసం అని అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఓబులమ్మ మరిది కేశవ మేస్త్రీ అయ్యాడు. ఇల్లిల్లూ తిరిగి కూలీలను కుదిర్చాడు.

అది పైకి కనిపించే గోడ కాదు. పొడుగు చెయ్యి పొక్లెయినర్ అడుగు బండ తగిలేదాకా కందకం తవ్వుతుంది. పక్కలు కూలకుండా కందకం నిండా అంబలిలాంటి బురద పోస్తారు. ఆ తర్వాత బురద కలిపిన మట్టితో పూడుస్తారు. ఇక చుక్క కూడా దాటదు. ఆ బురద కలిపే పని ఓబులమ్మది. గోడ సాగేకొద్దీ కాలనీ ఊటబావి దిగిపోయింది. ఎండల వల్లే అనుకున్నారు. కాలనీకి ఉన్నది ఆ ఒక్క బావే.

ఆ మధ్యాహ్నం అన్నం తింటున్న ఇంజనీరు సోమశేఖర్ దగ్గరికి ఓబులమ్మ పోయింది.

"సార్, ఈ గోడకూ మా బాయికీ ఏమన్నా సంబందం ఉండాదా?"

ఆయన దాచలేదు. పని గురించి చెప్పడమంటే ఆయనకు సంతోషం.

"లోపలి నీళ్ళు బయటికి పోవమ్మా. ఏటినుంచి మీ వైపు వచ్చే ఊట కూడా ఆగిపోతుంది. ఇప్పుడు గోడ కట్టకుండా మిగిలిన ఆ సందులోంచే కాస్త వస్తోంది. రేపు అదీ తవ్వి మూసేస్తాం."

"మరి మా బాయి?"

"అది మా ప్లానులో లేదు."

సాయంత్రం బావి దగ్గర కాలనీ అంతా చేరింది. అరుపులే అరుపులు. తాసిల్దారు ఆఫీసుకు పోదామన్నారు కొందరు.

"పోయొచ్చినా లే! నీళ్ళాఫీసును అడగమన్యారు. ఆడికి పోతే తాసిల్దారు దగ్గరికే పొమ్మన్యారు" అని గంగక్క కసిరింది.

"పని నిలిపితే పొయ్యి ఎట్ల ఎలిగిస్తావ్ వదినా?" అన్నాడు కేశవ.

"ఎలిగించి? ఎసట్లోకి నీళ్ళు యాడ తెస్తావప్పా?"

"కంపెనీతో మనం గెలుస్తామా?"

"వాళ్ళ గోడ కట్టిందెవురు? మనమే కదా! కట్టిన చేతులు నిలిపేస్తే వాడేం జేస్తాడు?"

కేశవ విసురుగా వెళ్ళిపోయాడు. మగవాళ్ళు కొందరు అతని వెనకే నడిచారు. ఓబులమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

గంగక్క లేచింది. "ఏమప్పా, బాయి పూడిక తీసేటప్పుడు ఎట్ల జేస్తాం? ఇంటికో మనిషి దిగల్ల. దిగినోళ్ళకు చేతగాకపోతే ఆ ఇంటోళ్ళే ఇంకొకరు దిగల్ల. రేపూ అంతే. పోయి ఆ సందులో కూచుందాం."

తెల్లారేసరికి తవ్వని ఆ నేల మీద జనం కూర్చున్నారు. రెండు పక్కలా బురద కందకాలు. పొక్లెయినర్ వచ్చి ఆగింది. ఇంజనీరు బతిమాలాడు. కాంట్రాక్టరు బూతులు తిట్టాడు. ఆ తర్వాత పోలీసు వ్యాను దిగింది.

"లీడర్ ఎవరు?" అన్నాడు ఎస్సై.

"మా బాయి" అంది ఓబులమ్మ.

ఆమె రెక్క పట్టి ఈడ్చారు. గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డ కేశవను చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. వ్యాను తలుపు పట్టుకుని అరిచింది.

"సూస్తాండావా కేశవా! నేను కూచున్న తావులో మన ఇంటి మనిషి లేడు!"

జనమంతా అతనివైపే చూశారు. కాంట్రాక్టరు కూడా చూశాడు. "మేస్త్రీ, కదిలితే నీ పని అయిపోయినట్లే" అన్నాడు.

కేశవ తలపాగా విప్పి దులిపాడు. గట్టు దిగి వచ్చి, వదిన కూర్చున్న చోటే కూర్చున్నాడు. అతని వెనక ఉన్న మగవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. ఎస్సై అతన్నీ లేపించి వ్యాను ఎక్కించాడు. ఆ చోట్లో కేశవ భార్య హేమావతి వచ్చి కూర్చుంది.

"ఎంతమందిని ఎక్కించాలే ఇట్లా?" అని ఎస్సై విసుక్కున్నాడు.

"ఎక్కించు సామీ" అంది గంగక్క. "కాలనీలో ఇంకా శానా ఇండ్లుండాయి."

పొక్లెయినర్ డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు.