బటన్ రంగుకి ఆరు రోజులు

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పాతుకుపోయిన అలవాటొకటి ఉంది. పాత కోడ్ బాగుచేస్తామంటే పైవాళ్లు ఒప్పుకోరని, ఆ పనిని ఏదో కొత్త పని పేరు కింద దాచి చేసేవాళ్లు. అక్కడ కోడ్ రాసే ఆమె కూడా అంతే. "బటన్ రంగు మార్పు" అని రాసి, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చే భాగాన్ని ఆరు రోజులుగా మొదటినుంచి తిరగరాస్తోంది. అది అప్పుడప్పుడూ ఒకే సమయాన్ని ఇద్దరు రోగులకు ఇచ్చేస్తుంది. మూడేళ్ల కిందట రాసింది తనే. గుర్తొచ్చినప్పుడల్లా చెప్పులో రాయిలా గుచ్చుకుంటుంది.

ఇంకా రెండు రోజుల పనుంది. కొత్తగా కొనబోయే ఆసుపత్రివాళ్లకు చూపించాల్సింది రేపు.

కోడ్‌లో తప్పులు వెతికే పక్క సీటు టెస్టర్ కుర్చీ జరుపుకుంది. "అక్కా, తేదీల మామయ్య వస్తున్నాడు. ఇవాళ నీకు తలంటే."

అమ్మకాలు చూసే మేనేజరుకి ఆ పేరు పెట్టింది తనే. నోరు తెరిస్తే "ఏ తేదీకి?" అంటాడని.

"బటన్ రంగుకి ఆరు రోజులేంటమ్మా?" అన్నాడు మేనేజరు వస్తూనే. "గోడకి సున్నం వేసినా ఈపాటికి ఆరిపోయేది. సరే, ఉన్నదాంతోనే రేపు చూపించేస్తా."

ఉన్నదంటే పాతదే. వాళ్లకి నచ్చితే మరో ఆసుపత్రిలో అదే తప్పు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"రంగు కాదు సార్. ఒకే టైమ్ ఇద్దరికి ఇస్తోంది, అది సరిచేస్తున్నా. మీకు చెబితే వద్దంటారని..."

ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. "పోయిన నెల ఒక ఆసుపత్రి మనల్ని వదిలేసింది చూడు, అందుకే. మీకు చెబితే వాడేవాళ్ల పొరపాటంటారని నేనూ నోరు మూసుకున్నా. కొత్తవాళ్లు అదెక్కడ అడుగుతారోనని, చూపు మళ్లించడానికే ఆ బటన్ రంగు మార్చమన్నా."

"ఇద్దరూ ఇద్దరే," టెస్టర్ గొణిగింది.

ఊరట కలగాల్సింది. కలగలేదు. తన గోడు ఎవరికీ పట్టదన్న బాధని ఇన్నాళ్లూ ముద్దుగా పెంచుకుంది. ఇప్పుడదీ చేజారింది.

ఆయన అద్దాల గదిలోకెళ్లి ఫోన్ చేశాడు. పెదవులు కదలడం చూస్తూ ఆమె గోరు కొరుక్కుంది.

"శుక్రవారానికి ఒప్పుకున్నారు. ఉన్న సంగతి చెప్పేశా," అన్నాడు వచ్చి. "వాళ్లకి చూపించేది నువ్వే."

"నాకు కస్టమర్లతో మాట్లాడ్డం రాదు సార్."

"నాకు మాత్రం కోడ్ వచ్చా? మూడేళ్లుగా అమ్మడం లేదూ?"

ఆమె నవ్వబోయింది. చేతులు అప్పటికే కీబోర్డు మీదికి పోయాయి. కోడ్‌లో ఏ వరుస దగ్గర ఆపిందో మాత్రం గుర్తు రాలేదు.