బానెట్ కింద అత్తగారు

నేను ఒక ఇత్తడి టాంకీని. కారు బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ నెత్తిమీద కిరీటంలా కనిపిస్తాను. ఇంజన్ని చల్లబరచబోయి తామే కుతకుతలాడిపోయిన నీళ్లు ముందుగా వచ్చి చేరేది నా కడుపులోకే. లోకంలో నాలాంటిది ఇంకొకటి లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంకొకటి చేయించుకోవాల్సిన అవసరం తెలివైనవాళ్లెవరికీ రాలేదు, అంతే.

పాలకొల్లులో ఎరువుల కొట్టున్న పాండురంగారావు తన ముసలి అంబాసిడర్‌లో ఎక్కడో చవగ్గా దొరికిన జీపు ఇంజన్ పెట్టించాడు. ఆ ఇంజన్‌కి కంపెనీ టాంకీ ఏదీ పట్టలేదు. మెడ వంకరగా, పొట్ట పొట్టిగా ఉండాలి. కొలతలు పట్టుకుని బిందెలు, గంగాళాలు చేసే పైడాచారి దగ్గరికి వెళ్లాడు.

"ఇప్పుడొచ్చే రేకు అప్పడంలా ఉంటందండి. పాత ఇత్తడి ఏదన్నా ఉంటే తెండి, వందేళ్లు చూసుకోనక్కర్లేదు," అన్నాడు పైడాచారి.

పాత ఇత్తడి పాండురంగారావు ఇంటి అటక మీద ఉంది. దాని సొంతదారు, అంటే అతని భార్య భ్రమరాంబ, ఆ వారం చెల్లెలి పురిటికి వెళ్లి ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి నేను గంగాళం జన్మ చాలించి టాంకీ జన్మ ఎత్తేశాను.

మగవాళ్లు చేసిన ఘనకార్యాన్ని దాచుకోలేరు. పాండురంగారావు ఆమె సంచి దింపకముందే బానెట్ ఎత్తి చూపించాడు. భ్రమరాంబ వంగి చూసింది. నా నుదుటిమీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, తలకిందులుగా: శేషారత్నం.

"మా అమ్మ గంగాళం!"

"పేరు అలాగే ఉంచాడే పైడాచారి. పేరు మీద సుత్తి పెట్టడం వాళ్లింటా వంటా లేదట," అన్నాడు పాండురంగారావు, అదేదో తను చేసిన ఉపకారంలా.

శేషారత్నం గేదెపాలు అమ్మి కొనుక్కున్న గంగాళం అది. ఆవిడకి ఒక్క ఫొటో కూడా లేదు. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేటప్పుడు ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది. ఆవిడ పేరు రాసి ఉన్న వస్తువు నేనొక్కదాన్నే. భ్రమరాంబ రెండ్రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడింది.

"జరిగింది జరిగింది. ఆ పేరు చెరిగిందో, మీ కారు మీది, నా దారి నాది."

అప్పట్నించీ ఆ కారులో ముందు సీటు భ్రమరాంబది, బానెట్ వాళ్ల అమ్మది. బతికుండగా అత్తగారికి గ్లాసుడు మంచినీళ్లు అందించని పాండురంగారావు రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని నా మూత తిప్పేవాడు. ఎదురింటి సూరిబాబు అరుగు మీంచి కేకేసేవాడు: "ఏం బావా, అత్తగారికి కాఫీలయ్యాయా?"

"అయ్యాయిరా. నీకులాగా పలహారం కూడా అడగదు మహాతల్లి!"

ఇలా చాలా ఏళ్లు సుఖంగా గడిచాయి. లోహాలకి కూడా వయసొస్తుంది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం... చివరికి పేరులో ఒక చుక్క చిల్లుపడింది. సన్నటి ఆవిరి. పాండురంగారావు చూసి అన్నాడు:

"మీ అమ్మ ఏడుస్తోందే."

"మిమ్మల్ని చూసి ఎన్నాళ్లు ఆపుకుంటుంది?" అంది భ్రమరాంబ.

అసలు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తప్ప మనుషులు అన్నీ చేస్తారు. ముందు బట్టల సబ్బు అరగదీసి కూరారు. ఎంసీల్ ముద్ద అంటించారు. చివరికి సూరిబాబు సలహాతో పాండురంగారావు వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి మొత్తం నా కడుపులో గుమ్మరించాడు. పసుపు నీళ్లలో ఉబ్బి చిల్లుని మూసేస్తుందట. మూసింది కూడా. దానితోపాటు నా కింద ఉన్న గొట్టాలన్నీ మూసింది. నరసాపురం రోడ్డు మీద ఇంజన్ పొంగలి కుండలా పొంగింది. బానెట్ ఎత్తి చూడబోయిన భ్రమరాంబ పట్టుచీర నిండా పసుపు మరకలతో చుట్టాలింటికి ఆటోలో చేరింది.

మర్నాడు రేడియేటర్ని విప్పి, నన్ను బ్రేజింగ్ కోసం, అంటే ఇత్తడి కడ్డీ కరిగించి అతకడం కోసం, గ్యాస్ వెల్డింగ్ షెడ్డు నడిపే మీరా సాహెబ్ ముందు పెట్టారు. మీరా సాహెబ్‌కి చేతి పని ఎంతో నోటి పని అంతకు రెండింతలు.

"ఇదెంత పనండీ! బీడీ ఆరేలోగా ఇచ్చేత్తాను," అని మంట వెలిగించి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, కడ్డీ ఆనించాడు. కడ్డీ కరిగి గుండ్రటి పూసై, నన్ను అంటకుండా దొర్లి కిందపడింది. షెడ్డంతా మాడిన పోపు వాసన.

"ఇందులో పులిహోర గానీ కలిపారేంటండీ?"

పాండురంగారావు ఆకాశం వంక చూశాడు.

"చుక్కచుక్కలో పసుపు దూరిపోయిందండి. ఈ అక్షరాలున్నంత మేరా గ్రైండర్ పెట్టి అరగదీసేత్తే గానీ కడ్డీ పట్టదు." మీరా సాహెబ్ గ్రైండర్ అందుకున్నాడు. అది గుర్రుమంది. "అమ్మగారూ, పేరు కావాలాండీ, కారు కావాలాండీ?"

భ్రమరాంబ మొగుడి వంక చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో పాలవాడికి కూడా తెలుసు.

గ్రైండర్ రాయి నా నుదుటికి వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది. పాండురంగారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపవయ్యా. ఆవిణ్ణి నేను ఎన్నన్నా ఒక్క మాట తిరిగి అనలేదు. పోయాక మొహం అరగదీయించమంటావా? కావాలంటే కారు షెడ్డులోనే పడి ఉంటుంది."

భ్రమరాంబ ముక్కు తుడుచుకుంది. వెంటనే మామూలు మనిషైపోయింది. "ఎలాగూ పసుపు కడగడానికి టాంకీ ఊడదీయాలిగా, సాహెబూ? రవిక చిరిగితే పైన అతుకేస్తామా? లోపల్నుంచి వేస్తాం. బయటికి కనపడనక్కర్లేదు."

మీరా సాహెబ్ కాసేపు నన్ను తిప్పి తిప్పి చూశాడు. "అదే చెప్పబోతున్నానండి నేనూ," అన్నాడు.

సాయంత్రందాకా పట్టింది. నన్ను రేడియేటర్ నుంచి ఊడదీసి, చింతపండుతో, ఇసకతో లోపలంతా తోమించాడు. తోమింది భ్రమరాంబే, వేరేవాళ్ల తోముడు మీద ఆమెకు నమ్మకం లేదు. అక్షరాల వెనకాల చిన్న ఇత్తడి బిళ్ల పెట్టి మంట చూపించాడు. ఈసారి కడ్డీ బుద్ధిగా కరిగి బిళ్ల చుట్టూ పాకింది. గొట్టాల్లో పసుపు కూడా కడిగి నన్ను మళ్లీ రేడియేటర్‌కి బిగించాక, పాండురంగారావు నాలో నీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని, నా నుదుటికి చెంప ఆనించి చూశాడు.

"పొడిగా ఉందే!" అని అరిచాడు. మీరా సాహెబ్ తన పనితనం గురించి మొదలుపెట్టాడు గానీ వినేవాళ్లు లేకపోయారు.

నేను మళ్లీ కారలేదు. నాకన్నా ముందు కారుకే ఓపిక పోయింది. కిందటి వేసవిలో దాన్ని కొనడానికి భీమవరం నుంచి ఒకాయన వచ్చాడు. బేరం కుదిరింది. తాళం ఇచ్చే ముందు పాండురంగారావు స్పానర్ తెచ్చి, చెమటలు కక్కుతూ నన్ను విప్పాడు.

"అదేంటండీ! అది లేకుండా బండెలా నడుస్తది?" అన్నాడాయన.

"నడవదు. తాడు కట్టి లాక్కెళ్లండి. కారు అమ్ముతానన్నాను గానీ, అత్తగారిని అమ్ముతానన్నానా?"

తాడు కట్టిన అంబాసిడర్ ట్రాక్టర్ వెనక వీధి మలుపు తిరిగింది. భ్రమరాంబ నన్ను అరుగు మీద పెట్టి, చేతులు నడుముకి ఆనించి, ఇంత వంకర వస్తువుని ఇంట్లో ఏ మూల ఇముడ్చాలా అని చూస్తోంది. పాండురంగారావు స్పానర్ తుడుచుకుంటూ వచ్చి విసుక్కున్నాడు.

"ఎండలో కూర్చోబెట్టావేంటే ఆవిణ్ణి? లోపలికి తీసుకురా."