మధ్యాహ్నాల కోటా

"స్పోర్ట్స్ కోటా పిల్ల. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాది. ఇంకేటి కావాలి మనకి?" అన్నారు మా ఆయన, అట్టుని మధ్యకి చింపి చట్నీలో ముంచుతూ.

పెనం మీద ఇంకో అట్టు పరుస్తున్న నా గరిటె సగం చుట్టులో ఆగిపోయింది. పిండి దానికి తోచిన దారిన అది పారింది. "ఏటిది కోమలా, ఇలాగొచ్చింది?" అన్నారు. "అట్టు కాదండీ, అట్లాసు. చూసుకుని తినండి, మన పక్క ఊరు మస్తూరీ దగ్గర మాడింది," అన్నాను. ఆయన పొలమారేలా నవ్వారు. నా పద్ధతే అంత. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఒక మాట విరిచి పడేస్తాను. అవతలివాళ్ళు నవ్వి తేరుకునేలోపు నేను ఆ చోటు దాటిపోతాను. కోమల ఉంటే ఇల్లంతా నవ్వులే అని చుట్టాలందరూ అంటారు. అందులో కోమల నవ్వు ఏదో ఎవరూ ఏరి చూడలేదు.

మా ఆయన చంద్రమౌళి ఈ హిందీ ఊళ్ళో, రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో పనిచేస్తారు. మా ఒక్కగానొక్క కొడుకు ఓంకార్ అసిస్టెంట్ లోకో పైలట్. ఆ ఆదివారం వాడికి పిల్లని చూడ్డానికి ఊళ్ళోనే ఉన్న లింగియాడీహ్ వెళ్ళాలి. పిల్ల పేరు హరిప్రియ. రైల్వేలోనే క్లర్కు, ట్రిపుల్ జంప్ క్రీడాకారిణి. అంటే ఏమిటో తెలియనివాళ్ళకి నేను చెప్పగలను. పరిగెత్తుకుంటూ వచ్చి నేలలో పరిచిన తెల్ల పలక మీద కాలు వేసి లేవాలి. ఏ కాలితో లేచామో ఆ కాలి మీదే దిగాలి, అది హాప్. అక్కణ్ణుంచి రెండో కాలి మీదికి, అది స్టెప్. అక్కణ్ణుంచి ఇసుకలోకి, అది జంప్. నేను ఒకప్పుడు పదమూడు మీటర్లు దాటి దూకిన మనిషిని. జాతీయ పోటీల్లో బంగారు పతకం తెచ్చాను. ఆ పతకం చూసి రైల్వే ఉద్యోగం ఇచ్చింది. ఆ ఉద్యోగం చూసి వీళ్ళు పథకం వేశారు. స్పోర్ట్స్ కోటాలో చేరిన ఏడాదికే అత్తవారి కోటలో చేరిపోయాను.

రైల్వేలో ఆటగాళ్ళకి ఒక సదుపాయం ఉంది. పొద్దున్న ఆఫీసులో పని చేస్తే మధ్యాహ్నం ప్రాక్టీసుకి వదిలేస్తారు. ఆ పూట గ్రౌండులో ఉండటమే మా డ్యూటీ. ఆ సంగతి ఆఫీసుకి తెలుసు, కోచ్ రాంప్రసాద్ గారికి తెలుసు, గ్రౌండు చుట్టూ మేసే ఆవులకి కూడా తెలుసు. మా ఇంట్లో మాత్రం దాన్ని ఒంటిపూట ఉద్యోగం అనుకున్నారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఎంతో మెత్తగా అన్నారు. "ఎలాగూ వదిలేస్తారు కదా. క్వార్టరు దారిలోనే కదా. అమ్మకి కాసింత అన్నం వార్చి పెట్టేసి ఎల్లు. గంట పని." నిజమే అనిపించింది. గంటేగా అనుకున్నాను. తరవాత ఆ గంటకి కాళ్ళొచ్చాయి, నాకు పోయాయి. అన్నంతో పాటు కూర, కూరతో పాటు షెడ్డుకి వేడి క్యారేజీ, క్యారేజీతో పాటు అత్తగారిని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళడం. అక్కడ గీత దాటితే ఫౌలు, ఇక్కడ గిన్నె దాటితే పాలు. అక్కడ ఎర్రజెండా ఎత్తుతారు, ఇక్కడ మా అత్తగారు అప్పలనర్సమ్మ గారు ఎర్రగా చూసేవారు. హాప్ పోయింది, జంప్ పోయింది, మధ్యలో స్టెప్పు ఒక్కటి మిగిలింది. అదీ స్టెప్నీ లాంటిదే, ఎక్కడ గాలి పోతే అక్కడ నన్ను బిగించేవారు.

అన్నీ ముగించుకుని స్పైక్స్ బూట్లు సంచిలో వేసుకుని పరిగెత్తేసరికి గ్రౌండులో రాంప్రసాద్ గారు కొలత టేపు చుట్టేస్తూ కనిపించేవారు. నన్ను "కోమల్ బేటీ" అని పిలిచిన మనిషి, ఆ ఏడు "ఆయియే మేడమ్", రండి మేడమ్, అనడం మొదలుపెట్టారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఒకసారి ఇంకొకరితో అంటుంటే విన్నాను, "శాదీ హో గయీ, ఔర్ క్యా" అని. పెళ్ళయిపోయింది, ఇంకేముంది. రోజూ ఏం జరుగుతోందో ఆయనకి చెప్పచ్చు. చెప్తే మా ఇంటి పరువు పోతుందని నోరు మెదపలేదు. అప్పట్లో మా ఇంటి పరువు మొయ్యడానికి నా నోరొకటే దొరికింది.

ఆ ఏడు ఆలిండియా రైల్వే పోటీలకి వెళ్ళాను. ఇంకా ఓంకార్ నా కడుపులో పడలేదు, ఒంట్లో ఏ లోపమూ లేదు. కానీ పలక మీద కాలు పడటమనేది కళ్ళతో అయ్యే పని కాదు. కిందకి చూస్తే వేగం పోతుంది. రోజూ పరిగెత్తి పరిగెత్తి ఉంటే పలక ఎక్కడుందో పాదానికే తెలుస్తుంది. వంటింట్లో డబ్బాలు వెతక్కుండా చెయ్యి ఉప్పు మీదికి వెళ్ళినట్టు. నా పాదానికి అప్పటికి ఉప్పు డబ్బా దారే తెలుసు. పలక అవతల మెత్తటి బంకమన్ను లాంటిది పూస్తారు, గీత దాటితే అచ్చు పడుతుంది. మొదటిసారి బొటనవేలు పడింది. రెండోసారి సగం పాదం. మూడోసారి ఇక పోయేదేముందని కళ్ళు మూసుకున్నట్టు పరిగెత్తి లేచాను. ఆ గాలిలో ఉన్నంతసేపూ నాకు అన్నం లేదు, క్యారేజీ లేదు, అత్తగారు లేరు. ఇసుకలో ఎంత దూరాన పడ్డానంటే, తమ వంతు కోసం వరసలో కూర్చున్న పిల్లలందరూ లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే ఎర్రజెండా. ఫౌల్ అయిన జంపుకి టేపు పెట్టరు. నా కళ్ళ ముందే పార తెచ్చి ఆ ఇసుక చదును చేసేశారు. నా జన్మలో అంత దూరం దూకలేదని నాకు తెలుసు. ఎంత దూరమో మాత్రం ఇవాళ్టికీ తెలీదు.

ఆట పడిపోయిందని, మధ్యాహ్నాలు వదిలే సదుపాయం తీసేశారు. సాయంత్రం దాకా ఆఫీసు. ఆ రోజు మా అత్తగారు గుమ్మంలో కూర్చుని కళ్ళొత్తుకున్నారు. "ఓలమ్మ, పిల్ల ఆట పోనాదే. ఇంక మజ్జాన్నం ఎవులు వొండుతారు?" అన్నారు. మా ఇంట్లో నా ఆట కోసం కన్నీళ్ళు పెట్టుకున్నది ఆవిడొక్కరే. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పి ఎంతమందిని నవ్వించానో.

అట్లు అయ్యాక ఓంకార్ వచ్చి ప్లేటు పట్టుకున్నాడు. "అమ్మా, పాపా చెప్పారు. అచ్ఛా హై కదా. నీకూ హెల్ప్ దొరుకుతాది. దాదీకి కూడా తోడు. నీ టైంలో నువ్వూ ఇలాగే మేనేజ్ చేశావు కదా," అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, వాడికి నాన్న పాపా, నాన్నమ్మ దాదీ. వాడి గొంతులో ఏ చెడ్డా లేదు. చిన్నప్పుడు గ్లాసు అందించమని అడిగినట్టే అడిగాడు. ఆ మంచితనం చూసే నాకు భయం వేసింది. వీడిని పెంచింది నేను. ఏ నవ్వు వెనక ఏముందో వాడికి ఒక్కసారైనా చెప్పలేదు.

ఆదివారం లింగియాడీహ్ వెళ్ళాం. పిల్ల తండ్రి పైడిరాజు గారు పట్టాల మీద పనిచేసి రిటైరైన మనిషి. తల్లి నీలవేణి. సొంత ఇల్లు, కొత్త సున్నం. హరిప్రియ చీర కట్టుకుని టీ ట్రేతో వచ్చింది. చీర కింద చీలమండల దగ్గర మేజోళ్ళ గీత కనిపించింది. గీతకి పైన ఎండ, కింద నీడ. చెవి వెనక ఇంకా ఇసుక రేణువులు. పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళొచ్చి తల తుడుచుకున్నట్టుంది.

మా ఆయన మొదలుపెట్టారు. "కట్నాలూ గిట్నాలూ మాకేటీ వద్దు పైడిరాజు గారూ. పిల్ల మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మకి కాస్త అన్నం పెట్టేసి ప్రాక్టీసుకి ఎల్తే చాలు. గంట పని." పైడిరాజు గారి భుజాలు దిగాయి, ఎంతో తేలిగ్గా. "అదేటండీ, అడగాలేటి," అన్నారు.

హరిప్రియ నా వైపు చూసింది. "ఆంటీ, మీ జంప్ గురించి మా గ్రౌండులో పెద్దవాళ్ళు ఇంకా చెప్తారు. మీలాంటి అప్రోచ్, పలక దాకా ఆ పరుగు, ఎవరికీ లేదంట. మీరెందుకు మానేశారు?"

"మోకాలమ్మా," అన్నారు మా ఆయన, నేను నోరు తెరవకముందే. "మోకాలు పోయింది ఆవిడకి. రాసిపెట్టి లేదు."

ఎప్పటి నుంచో ఆయన అందరికీ చెప్పే మాట అది. ఎంత కాలం నుంచంటే, పెళ్ళిళ్ళలో నేను చాప మీద కూర్చోబోతే ఎవరో ఒకరు "మోకాలు జాగ్రత్త" అని కుర్చీ వేస్తారు. నేనూ కూర్చుంటాను. ఒక్కోసారి మెట్లెక్కేటప్పుడు చెయ్యి మోకాలి మీదికి దానంతటదే వెళ్తుంది.

"అయ్యో," అంది హరిప్రియ. మళ్ళీ మా ఆయన వైపు తిరిగింది. "పర్లేదంకుల్. గంటేగా. చూసుకుంటాను."

ఒక మంచి మాట నా నాలుక చివరికి వచ్చింది. మోకాలూ, మొగుడి కాలూ కలిపి ఏదో. అందరూ పడీ పడీ నవ్వేవారు, టీ ముగిసేది, ముహూర్తం చూసుకునేవాళ్ళం. దాన్ని మింగేశాను. చేదుగా దిగింది.

"నా మోకాలికి ఏమీ కాలేదమ్మా," అన్నాను. "నన్ను కూడా రోజూ గంటే అడిగారు."

ఎవరూ నవ్వలేదు. మా ఆయన, "కోమలా, ఏటిది ఇప్పుడు," అన్నారు నెమ్మదిగా. నీలవేణి ఖాళీ ట్రే గుండెలకి ఆనించుకుని నిలబడిపోయింది. హరిప్రియ ముందు నా మోకాళ్ళ వంక, తరవాత నా మొహం వంక చూసింది. ఓంకార్ వైపు తిరిగి, "మీరేటంటారు?" అంది.

ఓంకార్ నా వైపు చూశాడు. బళ్ళో మాస్టారు అడిగినా, చుట్టాలు మార్కులు అడిగినా, ఎవరేం అడిగినా వాడు అలాగే నా వైపు చూస్తాడు. నేను అందుకుని చెప్పేస్తాను. వాడి తరఫున చెప్పడానికి నా దగ్గర ఇప్పుడూ మంచి జవాబులు చాలా ఉన్నాయి.

వాటి బదులు టీ కప్పు అందుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది. తాగడం మొదలుపెట్టాను.