నలభై ఇళ్ల కప్పు

కూలిన ఇంటి పెంకుల కిందనుంచి అప్పారావు శవాన్ని లాగేసరికి మధ్యాహ్నమైంది. హిందీ గడ్డ మీద గుఢియారీలో, రైలు పట్టాల పక్క శ్రీకాకుళం నుంచి వలసొచ్చినవాళ్ల బస్తీ అంతా వానలో నిలబడి చూసింది. వరహాలమ్మ ఏడవలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని, "ఇల్లు బాగుచేసేసినట్టు కాయితంలో ఉందే" అంది, అంతే.

ఉంది మరి! ఎనభై ఆరులో బస్తీ ఇళ్ల మరమ్మతుకి లోను పథకం వచ్చింది. డబ్బు ఇంటివాళ్ల చేతికివ్వరు. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కప్పు మీద సిమెంటు రేకులేస్తాడు, బాగైన ఇంటి ముందు వీళ్లు ఫొటో దిగితే బ్యాంకు అతనికి చెల్లిస్తుంది. ఠేకేదారు కొండలరావు కూడా శ్రీకాకుళం నుంచి వచ్చినవాడే, వీళ్ల మాట మాట్లాడేవాడే. అదే కొంప ముంచింది. సూరమ్మ ఇంటికొక్కదానికి రేకులేసి, "ముందు అందరూ ఇక్కడే ఫొటో దిగీయండి, మీ ఇళ్లకి వారంలో ఏసేస్తాను" అన్నాడు. నలభై కుటుంబాలు పెళ్లిబట్టలు కట్టుకుని, తలకి నూనె రాసుకుని, అదే గుమ్మం ముందు నవ్వుతూ నిలబడ్డాయి. ఆ ఫొటోలు చూసి బ్యాంకు కొండలరావుకి చెల్లించేసింది. ఏడాది తిరిగినా రేకులు రాలేదు. వాయిదాలు కట్టమని నోటీసులు మాత్రం వచ్చాయి.

దినాలైన మర్నాడు బస్తీ కూడింది.

"కలెక్టరుకి అర్జీ పెడదాం" అన్నాడు రామమూర్తి. ఫ్యాక్టరీ షెడ్లకి రేకులు బిగించే మేస్త్రీ అతను.

"మూడు పెట్టాం. ఏటి పీకారు?" అంది వరహాలమ్మ. "మన పేర్ల మీద కొన్న రేకులు ఆడి గోదాములో ఉన్నాయి. ఎల్లి తెచ్చుకుందాం."

"దొంగతనం అంటారమ్మా."

"అననీ. నా మొగుణ్ణి సంపినోణ్ణి ఏటన్నారు?"

మర్నాడు స్పానర్లు రామమూర్తే తెచ్చాడు.

పట్టపగలే వెళ్లారు, నలభై ఇళ్లవాళ్లూ. కాపలావాడు ఆ జనాన్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో ఇళ్లన్నిటికీ కప్పులు పడ్డాయి. రామమూర్తి ఆడవాళ్లకీ పని నేర్పాడు. బోల్టుల వరస మీదే అడుగెయ్యాలి, దాని కింద కర్ర ఉంటుంది. నడుమ కాలేస్తే రేకు పగిలిపోతుంది.

అయిదో రోజు కొండలరావు పోలీసు థానేదారునీ కానిస్టేబుళ్లనీ వెంటేసుకొచ్చాడు. ముందు వరహాలమ్మ ఇంటికే వచ్చాడు. రేకులు ఊడదీయడానికి నిచ్చెన ఎక్కేది లేదని కానిస్టేబుళ్లు అంటే తనే ఎక్కాడు.

"పెంకుల కింద సచ్చే బతుకులకి రేకులు కావాల్సొచ్చాయా?"

రేకులమ్ముకుని బలిసినవాడే కానీ ఒక్కనాడూ రేకెక్కినవాడు కాదు. రేకు నడుమకి కాలు జాపాడు. 'ఆగు' అన్న మాట వరహాలమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. రామమూర్తి వైపు చూస్తే అతనూ నోరు విప్పలేదు. అంతమందిలో ఒక్కరూ విప్పలేదు.

రేకు పగిలింది. అప్పారావు చచ్చిన చోటే పడ్డాడు కొండలరావు. కాలు విరిగి కుయ్యోమొర్రోమంటుంటే వరహాలమ్మ కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, బాగా చల్లబడింది.

"పగులుతుందని తెలుసా మీకు?" థానేదారు హిందీలో గద్దించాడు.

"తెలుసు" అంది వరహాలమ్మ.

"మరి చెప్పలేదే?"

"మా ఇళ్లు కూలతాయని ఆడికీ తెలుసు, మీ సర్కారుకీ తెలుసు. మూడు అర్జీల్లో రాశాం."

ఆమెని రెక్కపట్టి జీపులో పడేశారు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. ముందు సూరమ్మ వచ్చి చక్రాలకి అడ్డంగా కూచుంది. తర్వాత ఆడవాళ్లంతా కూచున్నారు. రామమూర్తి మరో రేకు భుజానికెత్తుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు.

"లేవండి!" లాఠీ ఎత్తాడు థానేదారు.

"లేస్తాం బాబూ" అంది సూరమ్మ. "వరహాలమ్మ ఇంటికి కప్పు పడనీ. అప్పుడు మమ్మల్నందర్నీ ఎక్కించుకుపో."