తడిసిన చోటు

ప్రభుత్వ వాతావరణ మార్పు ప్రణాళిక చదివి వినిపించడానికి అధికారిణి తెరెతియా, రాజధాని తరావా నుంచి తను పుట్టిన దీవికి వచ్చింది. ఊరి సభాశాల మనేయబాలో ఆమెను అధికారులకు వేసే అతిథి చాప మీద కూర్చోబెట్టారు. ఆరోజు పున్నమి పోటు. సముద్రానికి పిలుపు అక్కర్లేదు కదా, ఆమె చదువుతుండగానే లోపలికొచ్చి తూర్పు వైపు చాపలన్నీ ముంచేసింది.

ఒక్కరూ లేవలేదు. మనేయబాలో ఏ వంశం చోటు ఆ వంశానిదే. దీవి విడిచిపోయిన వాళ్ల చోట్లు పొడిగా, ఖాళీగా ఉన్నాయి. అయినా పరాయి చోట కూర్చోవడం కంటే తడవడమే మర్యాద.

"ఆపావేం, చదువు," అన్నాడు మేనమామ బౌరో, ఒళ్లో నీళ్లు పెట్టుకుని.

"మన దేశం పొగ తగ్గిస్తానని ప్రపంచానికి మాటిచ్చింది, మామా."

"మా పడవ ఇంజను నిరుడే చచ్చింది. దాన్నీ మీ లెక్కలో కలుపుకోండి."

ఎవరో నవ్వారు. తెరెతియా మాత్రం నవ్వలేదు. తర్వాతి వాక్యం చదివింది. "కొత్త మనేయబాను ఎత్తు మీద కడతాం. అందులో ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు."

నవ్వు ఆగిపోయింది.

"ఈ ముక్క రాసిందెవరు?" బౌరో అడిగాడు.

"నేనే."

అతను కాస్త పక్కకు జరిగాడు. మునిగిన తమ వంశపు చాప మీద ఒక మనిషికి చోటు ఏర్పడింది. తెరెతియా కాగితాలతో సహా వెళ్లి అందులో కూర్చుంది. నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో ఆమెకు తెలియలేదు.

"ఊఁ, ఇప్పుడు చదువు," అన్నాడు మామ. "ఆ 'ఎక్కడైనా' దగ్గర్నుంచి."