ఓటెయ్యని వాడకు నీళ్లు

సాంబారులో ఉప్పు తక్కువైందని ముందు గదిలోంచి రాఘవేందర్ కేకేశాడు. పట్నంలో అశోక్‌నగర్ సందులో, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు తినే మెస్ అది. వండేది సరిత, గల్లా దగ్గర కూర్చునేది మొగుడు రాఘవేందర్. పోయిన ఏడు పాలమూరులో వాళ్ల ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వైతే, ఆమె పేరుమీద నామినేషన్ వేశాడు. గెలిచింది సరిత, దండలు వేయించుకున్నది ఆయన. నాయకుడంటే సేవకుడని మైకు పట్టుకుని చెప్పాడు కూడా. సేవ తనకు, నాయకత్వం ఆయనకు. పంపకం బాగానే ఉందని సరిత లోలోపల నవ్వుకుంది.

ఆ పొద్దున ఊరినుంచి కురుమమ్మ వచ్చింది. కింది వాడ బోరు మోటారు కాలిపోయిందట. సర్పంచ్ చెప్పందే మెకానిక్ రానంటున్నాడట. ఆడవాళ్లు పొలాల బావికి పోతుంటే మెట్లమీద జారి ఆమె కోడలికి నడుం విరిగింది. రాఘవేందర్ విని, చూద్దాంలే అన్నాడు. మొరపెట్టుకోవడానికి వచ్చిన ఆ ముసలమ్మ ఊరికే కూర్చోక, పిల్లలు టిఫిన్ తిన్న ఎంగిలి పళ్లాలు తోముతుంటే సరిత ప్రాణం చివుక్కుమంది. వద్దంటే వినదే! ఉత్త చేతులతో వస్తే పని కాదని ఆమె భయం.

మోటారు ఎప్పుడు బాగుచేయిస్తావని సరిత మొగుడిని అడిగింది. ఆయన తలెత్తలేదు.

"ఆ వాడోళ్లు మనకు ఓటెయ్యలే. జర ఎండనియ్యి, తెలిసొస్తది. నీకెందుకివన్నీ? పో, అప్పడాలు కాల్చు."

సరితకు ఒళ్లు మండిపోయింది. ఓట్లకోసం ఆ వాడకు పోయింది తనే. గడపగడపకూ కూర్చుని, నీళ్ల సంగతి నేను చూస్తానన్నదీ తనే. ఇంట్లో జీతంలేని చాకిరీ సరే, బయట తన పేరుమీద మనుషుల గొంతులు కూడా ఎండబెడతాడా? వేశారో లేదో, ఓటెయ్యకపోతే దాహం వెయ్యదా? ఛీ, ఏం బతుకిది అనుకుంది.

స్టవ్వు ఆపేసింది. అన్నం ఇంకా ఉడకలేదు, పిల్లలు అప్పుడే వరసకట్టారు. కురుమమ్మ చేతిలోని పళ్లెం లాక్కుని పక్కన పెట్టి, వెనక తలుపులోంచి నారాయణగూడ బస్టాపుకు నడిపించింది. మొదట మెకానిక్ దగ్గరికి, అక్కడినుంచి ఊరికి అని చెప్పింది. వెనక మొగుడి కేకలు వీధి మలుపుదాకా వినిపించాయి.

కురుమమ్మ సంతోషించలేదు. సరిత చెయ్యి పట్టుకుని ఆపింది.

"వెనక్కి పోదాం బిడ్డా. సారుకు కోపమొస్తే మాకు ఇగ నీళ్లే రావు. నీ మాట ఎవరింటరు?"

నిజంగానే ఇంతవరకు ఎవరూ వినలేదు. బస్సు వచ్చి ఆగింది.

"రేపు నీళ్లు రాకుంటే నన్ను తిట్టు పెద్దమ్మా," అంది సరిత, "ఆయనను గాదు, నన్ను."